గుండు బల్బుతో పోలిక ఇక చాలు

మా ఇంట్లో దేవుని గూటి పక్కన ఒక ఏడు వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఉంది. 2014 ఆఖర్లో అమ్మ పాత గుండు బల్బులు రెండు సంచిలో వేసుకుపోయి, బల్బుకు పది రూపాయల లెక్కన కట్టి రెండు కొత్తవి తెచ్చింది. వాటిలో ఒకటి మిద్దెకు సున్నం కొట్టేటప్పుడు నిచ్చెన తగిలి పగిలిపోయింది. రెండోది ఈ పొద్దు కూడా వెలిగింది. దాన్ని విప్పి చేతిలో పెట్టుకుంటే బరువు తెలుస్తుంది. అడుగు భాగమంతా అల్యూమినియం.

అనంతపురం పాతూరులో మా కరెంటు సామాన్ల అంగట్లో కౌంటరు కింద ఒక అట్టపెట్టె ఉంది. అందులో ఉన్నవన్నీ చచ్చిన ఎల్‌ఈడీ బల్బులే. చాలా వాటికి రెండేళ్ళు కూడా నిండలేదు. చేతిలోకి తీసుకుంటే ఖాళీ డబ్బీలా తేలిపోతాయి.

ఒకటి పదేళ్ళు దాటి వెలుగుతుంటే మిగతావి రెండేళ్ళకే ఎందుకు పోతున్నాయి? ఈ ప్రశ్న నన్ను చాలా రోజుల నుంచి వదలడం లేదు. కనపడిన ప్రతి చచ్చిన బల్బునూ మూత తీసి చూడటం అలవాటైంది. చూసినకొద్దీ నాకు గట్టిగా అనిపిస్తున్న మాట ఒకటుంది, అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. ఎల్‌ఈడీ బాగుందా లేదా అని గుండు బల్బును పక్కన పెట్టి చూడటం మనం మానుకోవాలి. ఆ పందెం ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు కొలవాల్సింది మంచి ఎల్‌ఈడీకీ నాసి ఎల్‌ఈడీకీ మధ్య తేడాను. అది కూడా మన కరెంటు లైను మీద, మన ఎండలో కొలవాలి.

ఆంధ్రలో పాత బల్బులు తీసుకొని ఎల్‌ఈడీలు ఇచ్చే ప్రభుత్వ పంపకం మొదట పెట్టిన నాలుగు జిల్లాల్లో మా అనంతపురం ఒకటి. గుంటూరు, పశ్చిమ గోదావరి, శ్రీకాకుళం మిగతావి. ఆ 2014 అక్టోబరులోనే నీలిరంగు ఎల్‌ఈడీ చేసిన అకసాకి, అమానో, నకమురాలకు భౌతికశాస్త్రంలో నోబెల్ ప్రకటించారు. ఎర్ర వెలుగిచ్చే ఎల్‌ఈడీ 1962లోనే వచ్చింది. నీలం దొరకక తెల్లటి వెలుగు కుదరలేదు, దానికోసం దాదాపు ముప్పై ఏళ్ళు పట్టింది. నీలి వెలుగిచ్చే చిన్న ముక్క, అంటే చిప్పు, దాని మీద ఫాస్ఫర్ అనే పసుపుగా వెలిగే పొడి పూత వేస్తే రెండు వెలుగులూ కలిసి మన కంటికి తెలుపుగా అందుతాయి. అంత కష్టపడి పుట్టిన వస్తువు, దాన్ని కనిపెట్టినవాళ్ళు బహుమతి అందుకుంటున్న రోజుల్లోనే, కరువు జిల్లా అని పేరుపడిన మా ఊళ్ళో పది రూపాయలకు ఇంటింటికీ చేరింది. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే నాకు సంతోషమే.

2015 జనవరిలో ఆ పంపకం దేశమంతా వెళ్ళింది, తర్వాత దానికి ఉజాలా అని పేరు పెట్టారు. కేంద్ర ప్రభుత్వ రంగంలోని ఈఈఎస్‌ఎల్ సంస్థ కోట్ల లెక్కన ఒకేసారి కొనడంతో, 2014 మొదట్లో 310 రూపాయలున్న కొనుగోలు ధర 2016కి 38 రూపాయలకు దిగింది. ఇప్పటిదాకా 36 కోట్లకు పైగా బల్బులు ఇళ్ళకు చేరాయి. ఆ 38 రూపాయలు చూశాక జనానికి బల్బు ధర అంటే అదే అని మనసులో పడిపోయింది. బజారు కూడా దాని వెనకే పరిగెత్తింది. కొందరు తయారీ తెలివితో ధర తగ్గించారు. ఇంకొందరు లోపలి సామాను తీసేసి తగ్గించారు. రెండు బల్బులూ పైకి ఒకేలా కనబడతాయి, వెలిగిస్తే మొదటి రోజు వెలుగూ ఒకటే. తేడా మూత తీస్తేగానీ తెలియదు.

మేం బల్బు అమ్మేటప్పుడు అడుగున స్కెచ్ పెన్నుతో తేదీ రాసిస్తాం. యాభై అరవై రూపాయల వస్తువుకు బిల్లు ఎవరూ దాచుకోరు కాబట్టి ఆ రాతే వారంటీ కాగితం. తిరిగొచ్చిన ప్రతి బల్బునూ ఆరేళ్ళుగా ఒక నోటుపుస్తకంలో రాస్తున్నాను. ఎప్పుడు అమ్మింది, ఎప్పుడు పోయింది, ఏ వీధి, రేకుల ఇల్లా మిద్దె ఇల్లా. ఇది శాస్త్రం కాదని నాకు తెలుసు, ఒక అంగడి లెక్క మాత్రమే. అయినా పేజీలు తిరగేస్తే రెండు గుంపులు కంటికి కనబడతాయి. ఏప్రిల్, మే నెలల్లో ఒకటి. ఉరుములతో వానలు మొదలైనప్పుడు ఇంకొకటి. వానల్లో పోయేవి ఒంటరిగా పోవు. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింది వీధుల నుంచి ఒకే వారంలో సంచులతో వస్తాయి.

మా నాయన మోటర్లు చుట్టేవాడు. కాలిన మోటరు తెచ్చి రైతు కంపెనీని తిడుతుంటే, "మోటర్ను ఎందుకు తిడతావప్పా, ముందు నీ లైను చూసుకో" అనేవాడు. బల్బుల దగ్గర కూడా ఆయన మాటే నాకు దారి చూపించింది.

గుండు బల్బులో ఉండేది ఒక టంగ్‌స్టన్ తీగ. వోల్టేజీ తగ్గితే ఎర్రగా మాడినట్టు వెలిగేది, పెరిగితే భగ్గుమనేది, మరీ ఎక్కువైతే తీగ తెగేది. అంతకుమించి అందులో పాడయ్యేది ఏమీ లేదు. ఎల్‌ఈడీ అలా కాదు. పేరుకే బల్బు, లోపల ఒక చిన్న యంత్రం ఉంది. లైను మీది ఏసీ కరెంటును డీసీగా మార్చి, చిప్పులకు కొలిచినట్టు అందించే డ్రైవర్ ఉంటుంది. ట్యూబులైట్ల నాటి అలవాటుతో కొందరు దాన్నీ చోక్ అనే అంటారు. నేను విప్పిన బల్బుల్లో ఎక్కువగా చూసింది డ్రైవర్ చావే. కరెంటును పట్టి ఉంచి సమంగా వదిలే కెపాసిటర్ నెత్తి ఉబ్బి ఉంటుంది, లేదా ముందున్న చిన్న రెసిస్టర్ నల్లగా కాలి ఉంటుంది. చిప్పే పోయినప్పుడు దాని పసుపు మధ్యలో నల్లచుక్క కనబడుతుంది. చిప్పులన్నీ ఒకదాని వెనక ఒకటి, సిరీస్‌లో ఉంటాయి కాబట్టి ఒకటి పోతే బల్బంతా ఆరిపోతుంది. ఆ నల్లచుక్క మీద సీసం పెట్టి కలిపేస్తే మళ్ళీ వెలుగుతుంది. అంగళ్ళలో ఇరవై రూపాయలకు చేసే రిపేరు అదే. కానీ ఆ చిప్పు మోసే బరువు మిగతా వాటి మీదో, డ్రైవర్ మీదో పడుతుంది. కొన్ని నెలలకు ఇంకో చుక్క.

వోల్టేజీ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఇళ్ళకు వచ్చేది 230 వోల్టులు. దాన్ని డీసీగా మార్చినప్పుడు కెపాసిటర్ మీద పడేది 230 కాదు, దానికి 1.414 రెట్లు, అంటే 325. అందుకే లోపల 400 వోల్టుల దాకా తట్టుకునే కెపాసిటర్ వేస్తారు. చూడటానికి తెరిపి బాగానే ఉందనిపిస్తుంది. కానీ లైను 285 వోల్టులకు చేరితే చాలు, కెపాసిటర్ మీద 403 పడుతుంది. మా దగ్గర 285 దాటడం వింతేమీ కాదు. స్తంభం మీద న్యూట్రల్, అంటే కరెంటు తిరిగిపోయే వైరు, తెగితే చాలు.

మూడేళ్ళ కింద మే నెలలో ఒక సాయంత్రం గాలిదుమారం లేచింది. మా వీధి మొదట్లో స్తంభం మీద న్యూట్రల్ వైరు ఊడింది. ఫేజుకూ ఫేజుకూ మధ్య 400 వోల్టులుంటాయి. న్యూట్రల్ పోతే ఆ 400 ఇళ్ళ మధ్య ఇష్టమొచ్చినట్టు పంచుకోబడుతుంది. లోడు ఎక్కువున్న ఫేజు మీద ఫ్యాన్లు నీరసంగా తిరిగాయి, లోడు తక్కువున్న ఫేజు మీద లైట్లు కళ్ళు చెదిరేలా వెలిగాయి. రెండు నిమిషాల్లో టప్ టప్‌మని శబ్దాలు. ఎదురింటి పిన్నమ్మ పరిగెత్తుకొచ్చి "ఒరే నాయనా, మెయిన్ ఆపురా" అని కేకేసింది. మర్నాడు పొద్దున అంగడి తీయకముందే ముగ్గురు సంచులు పట్టుకొని నిలబడి ఉన్నారు. "ఏమన్నా, మొన్న సంక్రాంతికి కొంటిమి, వారంటీ ఉంది గదా?" అని అడిగితే ఏం చెప్పాలి? కంపెనీ మనిషి సర్జ్ పడింది, అంటే వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరింది, వారంటీ వర్తించదు అంటాడు. లైను వాళ్ళు గాలికి తెగింది, మేమేం చేస్తాం అంటారు. కొన్నవాడికి ఆ రెండు మాటల్లోనూ దక్కేది లేదు. సగం బల్బులు నేను మార్చిచ్చాను, మిగతా సగానికి చేతకాలేదు.

ఇలాంటి దెబ్బను కొంత మేరకు కాచేందుకు వేరిస్టర్ అనే చిన్న బిళ్ళ ఒకటుంది. మెరుపు వల్ల క్షణంలో వచ్చిపోయే ఎత్తును అది తన మీద వేసుకుంటుంది. దాని ఖరీదు కొన్ని రూపాయలే. నిమిషాల తరబడి నిలిచే హైవోల్టేజీకి అది సరిపోదు. దానికి డ్రైవరే తట్టుకునేలా ఉండాలి, కెపాసిటర్ కనీసం 450 వోల్టులది పడాలి. ఆరునెలలకే తిరిగొచ్చిన బల్బుల్లో చాలా వాటికి బోర్డు మీద ఆ బిళ్ళకు చోటు గీసి ఉంటుంది, బిళ్ళ మాత్రం ఉండదు. ఆ ఖాళీ చోటు చూసినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. డిజైను చేసినవాడికి అక్కడ ఏముండాలో తెలుసు. లెక్క చూసినవాడు తీసేయించాడు.

ఇంక ఎండ. ఎల్‌ఈడీ నుంచి గుండు బల్బులా వేడి గాల్లోకి కొట్టదు కాబట్టి ఇది చల్లగా ఉంటుందని జనం అనుకుంటారు. నిజానికి చిప్పు వేడి వెనకవైపు ప్లేటులోకి దిగుతుంది, ఆ ప్లేటు నుంచి బయటికి పోవాలి. మా ఇళ్ళలో బల్బు హోల్డరు పైన, బల్బు కింద. అంటే చిప్పులు కింద, డ్రైవర్ పైన. వేడి పైకే పోతుంది కాబట్టి నేరుగా డ్రైవర్ గదిలోకి చేరుతుంది. దానికి పైన సిమెంటు రేకులు. మే నెలలో పగలు 42, 43 డిగ్రీలు కాచిన రేకు రాత్రి తొమ్మిదికి కూడా చేయి పెట్టనివ్వదు. డ్రైవర్‌లో ఉండే ఎలక్ట్రోలైటిక్ రకం కెపాసిటర్‌కు పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్ళందరికీ తెలిసిన లెక్క. ఇరవై డిగ్రీలు పెరిగితే పావు. రేకుల ఇళ్ళలో ఉండేది ఎవరు? ఆ యాభై రూపాయలు మళ్ళీ మళ్ళీ పెట్టడం కష్టమైనవాళ్ళు. నా పుస్తకంలో మిద్దె ఇళ్ళ కంటే రేకుల ఇళ్ళ పేజీలు ఎందుకు ఎక్కువ నిండుతాయో నాకు ఇప్పుడు అర్థమవుతోంది.

డబ్బా మీద మాత్రం 25,000 గంటలు అని ఉంటుంది. రోజుకు ఐదు గంటలు వేస్తే పదమూడేళ్ళు దాటుతుంది. ఈ అంకె ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకున్నప్పుడు నాకు చాలా సంగతులు విడిపోయాయి. చిప్పులను ల్యాబులో కనీసం 6,000 గంటలు, అంటే 250 రోజులు, వెలిగించి వెలుగు ఎంత తగ్గిందో చూస్తారు. ఆ పద్ధతి పేరు ఎల్‌ఎమ్-80. దాని మీద నుంచి టీఎమ్-21 అనే లెక్కతో ముందుకు అంచనా కడతారు, పరీక్ష చేసిన కాలానికి ఆరు రెట్ల దాకా చెప్పవచ్చు. వెలుగు 70 శాతానికి పడిపోయిన రోజును ఆయుష్షు తీరినట్టు పట్టుకుంటారు. ఇందులో మోసం లేదు. కానీ పరీక్ష పెట్టింది చిప్పుకు. డ్రైవర్‌కు కాదు, రేకుకు వేలాడే బల్బుకు కాదు. చిప్పు ఆయుష్షును డబ్బా మీద బల్బు ఆయుష్షుగా అచ్చువేయడం దగ్గరే నాకు పేచీ.

స్టార్ గుర్తు ఉంది గదా అంటారు. 2018 నుంచి ఎల్‌ఈడీ బల్బులకు కేంద్రం వారి ఇంధన పొదుపు సంస్థ బీఈఈ ఇచ్చే స్టార్ లేబుల్ తప్పనిసరి. మంచిదే. కాకపోతే ఆ నక్షత్రాలు చెప్పేది వాట్‌కు ఎంత వెలుగిస్తుందన్నది. ఐదు నక్షత్రాల బల్బు రెండు ఎండాకాలాలు దాటుతుందో లేదో వాటికి సంబంధం లేదు. భద్రతకు దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ దగ్గర నమోదు వేరే ఉంది, ఐఎస్ 16102 అని, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు బల్బు మీద ఉండాలి. 2017లో ఎల్కోమా అనే లైటింగ్ తయారీదారుల సంఘం నీల్సన్ అనే సర్వే కంపెనీతో హైదరాబాదుతో సహా నాలుగు నగరాల్లో 200 అంగళ్ళు చూపిస్తే, ఎల్‌ఈడీ బల్బు బ్రాండ్లలో 76 శాతం భద్రతా ప్రమాణాలకు సరిపోలేదని తేలింది. నగరాల్లోనే అట్లుంటే సంతల్లో కుప్పపోసి అమ్మే బల్బుల గురించి వేరే చెప్పక్కర్లేదు. కొనేముందు ఆ నంబరు వెతకండి. లేకపోతే కింద పెట్టేయండి.

నాతో వాదించేవాళ్ళు చెప్పే మాట ఒకటి ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయలేను. "నాసిదైనా ఎల్‌ఈడీనే లాభం గదా?" లెక్క వేద్దాం. 60 వాట్ల గుండు బల్బు రోజుకు ఐదు గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు. ఏడు వాట్ల ఎల్‌ఈడీకి ఒక యూనిటు. దాదాపు 8 యూనిట్లు మిగిలాయి. యూనిటు మూడు రూపాయల శ్లాబులో నెలకు 24 రూపాయలు. అంటే యాభై రూపాయల బల్బు మూడో నెలకే ఖర్చు తీర్చేసింది, ఏడాదికి చచ్చినా లాభమే. నిజమే. కానీ ఇప్పుడు గుండు బల్బు కొనడానికి నా అంగడికి ఎవరొస్తున్నారు? పూజకు జీరో బల్బు, కోడిపిల్లల గంపలోకి వేడి కోసం ఒక గుండు బల్బు, అంతే. ఇప్పుడు వచ్చేవాడి ముందున్నవి రెండూ ఎల్‌ఈడీలే. ఒకటి యాభై, ఇంకొకటి నూటపది. రెండూ తొమ్మిది వాట్లే, మీటరు రెండింటికీ ఒకటే తిరుగుతుంది. అక్కడ యూనిట్ల మిగులు అనే మాటకే చోటు లేదు. యాభైది ఏడాదికొకసారి, నూటపదిది ఐదేళ్ళకొకసారి మార్చాల్సి వస్తే పేదవాడే ఎక్కువ కడుతున్నాడు. మనం ఇంకా గుండు బల్బునే పక్కన పెట్టి పోలుస్తున్నందువల్ల ఈ నష్టం ఏ లెక్కలోనూ రావడం లేదు. పంచిన బల్బులు ఎన్నో అందరికీ తెలుసు. వాటిలో ఎన్ని వెలుగుతున్నాయో ఊరూరా తిరిగి చూసినట్టు మా వైపు నేనెక్కడా వినలేదు.

ఆయుష్షు ఒక్కటే కాదు, వెలుగు కూడా. ధర్మవరంలో మా చిన్నాయన వరసయ్యే ఆయన పట్టుచీరలు నేస్తాడు. గుంతమగ్గం, ఇంటి ముందర గది, పైన ఒక ట్యూబు. ఒకసారి ఫోన్ చేసి, "నీ లైటు కింద అంచు రంగూ ఒళ్ళు రంగూ కలిసినాయిరా, ఎండలోకి తెస్తే కలవలే. షావుకారు చీర తిప్పి పంపినాడు" అన్నాడు. నా లైటు అన్నది ఆయన నా మీది చనువుతో, కొన్నది వేరే చోట. అయినా బాధ కలిగింది. రంగులు ఎంత నిజంగా కనబడతాయో చెప్పే సీఆర్ఐ అనే అంకె ఒకటుంది, ఎండకు 100. 80 ఉంటే ఇంటికి చాలంటారు. ఆ 80ని ఎనిమిది లేతరంగుల సగటుతో కడతారు. ముదురు ఎరుపు ఆ ఎనిమిదిలో లేదు. దానికి ఆర్9 అని వేరే కొలత ఉంది, డబ్బా మీద అది వేసినవాడిని నేను చూడలేదు. నీలి చిప్పు, పసుపు పూత కలిసి వచ్చే చౌక తెలుపులో ఎరుపు పాలు తక్కువ. పెళ్ళిచీరంటేనే ఎరుపు, మెరూన్, కుంకుమ రంగు అనుకునే ఊళ్ళో, లైట్లన్నీ ఎరుపును సరిగా చూపించనివే. ఈ సంగతి నేతగాళ్ళకు ఎవరూ చెప్పలేదు. మగ్గానికి సబ్సిడీ, జరీకి సబ్సిడీ అని మాట్లాడేవాళ్ళు మగ్గం మీది లైటు గురించి కూడా ఒక మాట మాట్లాడాలి. బెంగళూరు నుంచి 90 పైన సీఆర్ఐ ఉన్న ట్యూబు తెప్పించి బిగించాను. ధర రెండింతల కంటే ఎక్కువే. చిన్నాయన రెండు పోగులు దాని కింద పట్టుకొని చూశాడు, తర్వాత గుమ్మంలోకి పోయి ఎండలో చూశాడు. "దగ్గరికొచ్చింది" అన్నాడు. పూర్తిగా కలిసిందని అనలేదు, ఆయన కన్ను అంత నికార్సైనది.

చౌక బల్బులతో ఇంకో ఇబ్బంది, మినుకు. డ్రైవర్‌ను చిప్పుల ప్లేటు మీదే అతికించి సామాను తగ్గించినవాటిలో వెలుగు సెకనుకు 100 సార్లు ఎక్కి దిగుతుంది. కంటికి తెలియదు. ఫోను కెమెరా దగ్గరగా పెడితే అడ్డచారలు కదులుతూ కనబడతాయి. అట్లాంటి వెలుగులో గంటల కొద్దీ చదివితే కొందరికి తలనొప్పి వస్తుంది. పిల్లలు చదువుకునే చోట ఈ చారల పరీక్ష తప్పకుండా చేయండి. ఒక్క నిమిషం పని.

ఏం చేయాలంటే, నాకు తోచినది ఇది. డబ్బా మీద గంటలు రాసేవాళ్ళు ఎంత వేడిలో, ఎంత వోల్టేజీ దాకా అన్నది కూడా పక్కనే అదే సైజు అక్షరాల్లో రాయాలి. ప్రభుత్వం, పంచాయతీ, మున్సిపాలిటీ కొనేటప్పుడు తక్కువ ధర ఎవరిదన్నది ఒక్కటే చూస్తే 38 రూపాయల పరుగు ఆగదు. రెండో ఎండాకాలం దాటాక ఎన్ని వెలుగుతున్నాయో లెక్కపెట్టి, దాన్ని బట్టి చివరి వాయిదా డబ్బు ఇవ్వాలి. వీధిలైట్లకైతే ఇది మరీ అవసరం, అవి మెరుపుకు నేరుగా ఎదురు నిలబడేవి. ఇంకా, బల్బును అతికించి మూసేయకుండా డ్రైవర్ మార్చుకునేలా చేయాలి. చిప్పులు బాగుండి డ్రైవర్ పోయిన బల్బును పారేయాల్సి రావడం నాకు మనసొప్పని పని. మొదట్లో అల్యూమినియం కోసమైనా పాతసామాన్ల అతను తీసుకునేవాడు. ఇప్పటివి పైన ప్లాస్టిక్, లోపల రేకంత పలచని అల్యూమినియం. "వద్దన్నా, దీంట్లో ఏముంది" అని తిరిగిచ్చేస్తున్నాడు. అట్టపెట్టె నిండిపోతోంది.

మోటరు స్టార్టర్ బాక్సు నుంచి ఒక వైరు లాగి తోటింట్లో బల్బు వేసుకునే రైతులకు నేను చౌకది ఇవ్వడం మానేశాను. బోరు మోటర్లు ఆగినప్పుడు, ఎక్కినప్పుడు ఆ లైను ఎట్లా ఊగుతుందో మోటర్ల అంగట్లో పెరిగినవాణ్ణి, నాకు తెలుసు. నూటపది రూపాయలంటే మొహం చిట్లిస్తారు. కొందరు పక్క అంగడికి పోతారు. పోనీ.

నిన్న ఆత్మకూరు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. రెండు బల్బులు తీసుకున్నాడు. అడుగున తేదీ రాసిస్తుంటే కళ్ళద్దాలు సర్దుకొని ఆ అంకెలు చదివి, "ఎన్నేండ్లొస్తుందప్పా ఇది?" అన్నాడు.

"ఈ ఎండాకాలం, ఆ తర్వాత వానలు దాటనీ పెద్దాయనా. ఊరికి పోయేటప్పుడు ఒకసారి వచ్చి చెప్పిపో, రాసుకుంటా" అన్నాను.

ఆయన ఊరి పేరు, రేకుల ఇల్లు అని పుస్తకంలో రాసుకున్నాను.